ఎడారిలో నీళ్లకు మునిగిన వెండి ఊరు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దుకు దగ్గరగా టూంబ్‌స్టోన్ అనే ఊరుంది. కౌబాయ్ సినిమాల పిచ్చి ఉన్నవాళ్లకు ఈ పేరు కొత్తేం కాదు. 1881 అక్టోబరు 26న అక్కడ ఓ.కె. కొరాల్ అనే గుర్రాల దొడ్డి పక్కన, ఊరి శాంతిభద్రతలు చూసే వయట్ ఎర్ప్ సోదరులకూ, ‘కౌబాయ్స్’ అని పిలిచే ముఠాకూ మధ్య కాల్పులు జరిగాయి. అరనిమిషంలో ముగ్గురు చచ్చిపోయారు. ఆ అరనిమిషం గురించి నూట నలభై ఏళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నారు. అసలు ఆ ఊరు ఎందుకు పుట్టింది, పదేళ్లు తిరక్కుండా ఎందుకు కుప్పకూలింది అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర ‘వెండి అయిపోయింది’ అన్న ముక్కే ఉంటుంది.

వెండి అయిపోయి గనులు మూతపడలేదు. నీళ్లలో మునిగి మూతపడ్డాయి. తొలిరోజుల్లో తాగే నీళ్లను బండ్ల మీద తోలుకొచ్చి అమ్మిన ఊరది. ఏడాదికి పడే వాన 14 అంగుళాలకు అటూ ఇటూ, అంటే మన అనంతపురంలో పడేదాంట్లో మూడింట రెండు వంతులు. అలాంటి చోట గనుల్ని నీళ్లు ముంచడమేమిటో అర్థం కావాలంటే నేల కింద రాయి, ఆ నేల మీది హక్కులు, కార్మికుల కూలి, లండన్ మార్కెట్లో వెండి ధర, చివరికి మన రూపాయి కూడా చూడాలి. నా దృష్టిలో తుపాకుల కథ కన్నా ఇదే పెద్ద కథ. దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఒక మనిషి, కొన్ని రాళ్లు

1877లో ఎడ్ షీఫెలిన్ అనే ఖనిజాల వేటగాడు అక్కడి వాచూకా సైనిక శిబిరం దగ్గర మకాం వేసి, చుట్టుపక్కల కొండల్లో ఒంటరిగా తిరుగుతూ ఉండేవాడు. ఆ నేల చిరికావా అపాచీ ఆదివాసులది. వాళ్ల నాయకుడు కోచీస్ అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని 1874లో చనిపోతే, ప్రభుత్వం 1876లో వాళ్ల రిజర్వేషనునే, అంటే వాళ్లకంటూ కేటాయించిన ప్రాంతాన్నే రద్దు చేసింది. అంటే షీఫెలిన్ రాళ్లు ఏరుకుంటున్న కాలానికి అపాచీలు తమ సొంత నేల కోసం పోరాడుతున్నారు. అందుకే సైనికులు అతన్ని ‘అక్కడ నీకు దొరికేది నీ సమాధి రాయే’ అని హెచ్చరించారు. అతను తన మొదటి గని హక్కుకు ఆ సమాధి రాయి పేరే, టూంబ్‌స్టోన్ అని పెట్టుకున్నాడు. ఊరికీ తర్వాత అదే పేరైంది.

దొరికిన రాళ్లలో ఏముందో తేల్చుకోడానికి అతని దగ్గర పైసా లేదు. గనిలో కూలి చేసే తమ్ముడు ఆల్ దగ్గరికి వెళ్లాడు. తమ్ముడికి నమ్మకం కుదరలేదు. ఆ గని ఊళ్లోనే రిచర్డ్ గర్డ్ అనే పరీక్షకుడు ఉండేవాడు. రాయిని పొడి చేసి, సీసంతో కలిపి కరిగిస్తే వెండి సీసంలోకి దిగుతుంది. ఆ ముద్దను ఎముకల బూడిదతో చేసిన చిన్న మూసలో మళ్లీ కాల్చితే సీసాన్ని మూస పీల్చేసుకుని, అడుగున వెండి పూస మిగులుతుంది. దాన్ని తూచి లెక్క కడతారు. గర్డ్ చూసిన రాళ్లలో మేలైనది టన్నుకు 2,000 డాలర్ల లెక్కన తేలింది. గర్డ్ ఉద్యోగం వదిలేసి అన్నదమ్ములతో కలిశాడు. 1878లో లక్కీ కస్, టఫ్‌నట్ లాంటి గనులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కంటెన్షన్, గ్రాండ్ సెంట్రల్ అనే రెండు గనుల పేర్లు గుర్తుపెట్టుకోండి, కథ వాటి చుట్టూనే తిరుగుతుంది.

రాయిలో వెండి ఉండటం వేరు, అది కడ్డీగా చేతికి రావడం వేరు. దానికి మిల్లు కావాలి, మిల్లుకు పెట్టుబడి కావాలి. అరిజోనా మాజీ గవర్నర్ సాఫర్డ్ వాటా తీసుకుని పెట్టుబడిదారుల్ని వెతికిపెట్టాడు. 1879లో ఊరికి ప్లాట్లు వేశారు, అదే ఏడాది మొదటి మిల్లు ఆడింది. మరుసటి ఏడాది షీఫెలిన్ అన్నదమ్ములు తమ వాటాలు 6 లక్షల డాలర్లకు అమ్మేసి బయటపడ్డారు.

వెండి ఎక్కడుందో అక్కడే నీటి మట్టం

ఇక్కడ భూగర్భశాస్త్రం కొంచెం ఓపిగ్గా చూడాలి. కథకు ముడి ఇక్కడే ఉంది.

లోతు నుంచి వేడి ద్రవాలు పైకొచ్చి సున్నపురాయి పొరల్లో, పగుళ్లలో సీసం, వెండి సల్ఫైడ్లను, అంటే గంధకంతో కలిసిన ఖనిజాలను పేర్చాయి. మొదట ఈ సల్ఫైడ్లలో వెండి పలచగానే ఉంటుంది. ఎడారిలో నీటి మట్టం బాగా కిందికి ఉంటుంది కాబట్టి, ఆ పైన వందల అడుగుల మేర రాయిలోకి గాలి చొరబడుతుంది, అప్పుడప్పుడూ పడే వాన ఇంకుతుంది. లక్షల ఏళ్లపాటు ఇలా జరిగేసరికి సల్ఫైడ్లు విరిగిపోయి, చోటు మారి, వెండి చాలావరకు క్లోరైడుగా పోగుపడింది. ఈ వెండి క్లోరైడు మెత్తగా ఉంటుంది, మైనంలా కత్తితో గీరొచ్చు. టూంబ్‌స్టోన్‌లో తొలి గనుల్లో దొరికిన సిరి ఇదే.

దీన్ని వెండిగా మార్చడం కూడా తేలిక. రాయిని ఇనుప రోకళ్లు వరసగా దంచుతాయి. ఆ బురదను పెద్ద ఇనుప తొట్టెల్లో పోసి ఉప్పు, మైలుతుత్తం, పాదరసం వేసి తిప్పుతారు. వెండి పాదరసాన్ని పట్టుకుంటుంది. తర్వాత పాదరసాన్ని ఆవిరి చేసేస్తే వెండి మిగులుతుంది. నీటి మట్టం కింద ఉండే సల్ఫైడు ఖనిజం ఇంత సులువుగా లొంగదు. దాన్ని ముందు కాల్చాలి, లేదా కొలిమికి పంపాలి. ఖర్చు పెరుగుతుంది, టన్నుకు వచ్చే వెండి తగ్గుతుంది.

అంటే ఎడారి కరువే ఆ వెండిని పేర్చింది. నీళ్లు ఎక్కడ మొదలవుతాయో ఇంచుమించు అక్కడే తేలిక సంపాదన ముగుస్తుంది. ఈ సంగతి 1879లో అక్కడికి ఎగబడ్డవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, పెట్టుబడులు మాత్రం లోతుకు వెళ్లేకొద్దీ వెండి పెరుగుతుందన్న ఆశ మీదే వచ్చాయి.

మిల్లుల్ని ఊళ్లో కట్టలేదు. దంచడానికీ, తొట్టెలకూ నీళ్లు కావాలి, ఊళ్లో నీళ్లు లేవు. అందుకని సుమారు తొమ్మిది మైళ్ల దూరంలో ఉన్న శాన్ పేడ్రో నది ఒడ్డున కట్టారు. చార్ల్స్‌టన్, కంటెన్షన్ సిటీ అని రెండు మిల్లు ఊళ్లు వెలిశాయి. కంచరగాడిదల బండ్లు పగలంతా ఖనిజం మోసేవి. బాయిలర్లకు కట్టెల కోసం డ్రగూన్, వాచూకా కొండల్లో చెట్లు నరికారు.

ఊరు ఎంత వేగంగా పెరిగిందంటే 1881లో కొత్తగా కోచీస్ కౌంటీ ఏర్పాటు చేసి దీన్నే జిల్లా కేంద్రం చేశారు. జనాభా ఐదు వేలని కొందరు, పదివేలు దాటిందని కొందరు అంటారు. నాటకశాలలు, పత్రికలు, చర్చిలు, చీనావాళ్ల పేట, వందకు తక్కువ కాని సారా కొట్లు. 1882లో వాచూకా కొండల నుంచి ఇరవై మైళ్లకు పైగా ఇనుప పైపు వేసి తాగునీరు తెచ్చారు. 1881 జూన్‌లో ఒకసారి, 1882 మేలో ఇంకోసారి ఊరి నడిబొడ్డు కాలి బూడిదైనా రెండుసార్లూ మళ్లీ కట్టుకున్నారు. కింద వెండి ఉన్నంతకాలం పైన ఏం కాలినా ఫర్వాలేదనిపించింది.

520 అడుగుల దగ్గర

1881 మార్చిలో సల్ఫ్యురెట్ అనే గనిలో 520 అడుగుల లోతున నీళ్లు పడ్డాయి. మొదట ఎవరూ కంగారుపడలేదు. ఎడారిలో నీళ్లు దొరికాయంటే కొందరికి సంబరమే, మిల్లుల్ని ఊళ్లోకే తెచ్చుకోవచ్చని లెక్కలు కట్టారు. తర్వాత మిగతా గనుల షాఫ్టులు (కిందికి దిగే నిలువు బావులు) ఒక్కొక్కటీ అదే మట్టానికి దిగుతుంటే సంగతి బోధపడింది. అది ఏదో చిన్న ఊట కాదు. పగుళ్లతో నిండిన సున్నపురాయిలో ఆ చుట్టుపక్కలంతా పరచుకున్న ఒకే నీటి నిల్వ.

1883 తర్వాత గ్రాండ్ సెంట్రల్, కంటెన్షన్ కంపెనీలు భారీ కార్నిష్ పంపులు దింపాయి. ఇంగ్లండులోని కార్న్‌వాల్ తగరం గనుల్లో పుట్టిన పద్ధతి అది. నేల మీద పెద్ద ఆవిరి ఇంజను ఉంటుంది. దానికి తగిలించిన పొడవాటి దూలం వందల అడుగుల లోతు దాకా షాఫ్టులో వేలాడుతూ, నెమ్మదిగా పైకీ కిందికీ కదులుతుంది. ఆ దూలానికి మెట్లుమెట్లుగా బిగించిన పంపులు ఒకదాని నుంచి ఒకటి నీళ్లందుకుంటూ పైకి చేరవేస్తాయి. రాత్రీ పగలూ ఆగకూడదు. ఆగితే కింద పని జరిగే చోటికి నీళ్లొచ్చేస్తాయి. దానికి కట్టెలు కావాలి, ఆ కట్టెలు దూరపు కొండల నుంచి రావాలి.

ఇప్పుడు హక్కుల లెక్క. 1872 నాటి అమెరికా గనుల చట్టం ప్రకారం ఒక హక్కుకు గరిష్ఠంగా 1,500 అడుగుల పొడవు, 600 అడుగుల వెడల్పు నేల. అందుకే ఒకే కొండ మీద పక్కపక్కనే డజన్ల కొద్దీ గనులు, ఒక్కో దానికి ఒక్కో యజమాని. పైన సరిహద్దు రాళ్లున్నాయి, కింద నీటికి సరిహద్దు లేదు. మన రాయలసీమ రైతుకు ఇది చెప్పక్కర్లేదు: ఒకరు లోతుగా బోరు వేస్తే పక్క పొలం బోరు ఎండిపోతుంది. టూంబ్‌స్టోన్‌లో జరిగింది అదే, కాకపోతే అక్కడ పక్కవాడికి అది వరం. రెండు కంపెనీలు పంపులు ఆడిస్తుంటే చుట్టూ ఉన్న గనుల్లో కూడా నీటి మట్టం దిగిపోయింది. ఖర్చు ఇద్దరిది, లాభం అందరిది. మిగతావాళ్లను వాటా అడిగితే ముందుకు రాలేదు.

టూంబ్‌స్టోన్ పతనానికి ఒక్క కారణమే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. అందరూ కలిసి ఒకే చోట, ఇంకా పెద్ద పంపులు పెట్టుకుని ఉంటే ఊరు మరికొన్నేళ్లు బతికేది. ఇది నా ఊహ మాత్రమే కాదు. పదిహేనేళ్ల తర్వాత అక్కడివాళ్లే ఆ నిర్ణయానికి వచ్చారు, దాని సంగతి కింద చెబుతాను.

పంపుల ఖర్చు ఎక్కడి నుంచి రాబట్టాలి? ముందు కూలి మీద పడింది. గని కార్మికుడికి రోజుకు 4 డాలర్లు వచ్చేది. 1884లో దాన్ని 3 డాలర్లకు తగ్గించారు. యూనియన్ పెట్టుకుని కార్మికులు సమ్మెకు దిగారు. నెలల తరబడి గనులు మూతపడ్డాయి. ఆ మే నెలలోనే ఊళ్లో ఒక బ్యాంకు తలుపులు మూసేసింది, కార్మికులు దాచుకున్న డబ్బు అందులో ఇరుక్కుపోయింది. అటు ఉద్యోగం లేదు, ఇటు దాచుకున్నదీ లేదు. గొడవలు ముదిరితే వాచూకా కోట నుంచి సైన్యం వచ్చింది. సమ్మె ఓడిపోయింది. పని తెలిసిన మనుషులు చాలామంది ఊరు వదిలి వెళ్లిపోయారు. కాల్పుల్లో పోయిన ముగ్గురి సమాధుల్ని చూడటానికి జనం ఇప్పటికీ వెళుతుంటారు. ఈ సమ్మె గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నా లెక్కలో ఊరి బతుకును మార్చింది ఈ సమ్మే.

తర్వాత 1886 మే నెలలో గ్రాండ్ సెంట్రల్ గని పైనున్న కట్టడాలకు నిప్పంటుకుంది. ఇంజను, పంపు పనికిరాకుండా పోయాయి. ఒక్క కంటెన్షన్ పంపుతో అన్ని నీళ్లనూ ఆపడం సాధ్యం కాదు. నీటి మట్టం పెరుగుతూ వచ్చింది. మునిగిన గని ఇంట్లోకి నీళ్లొచ్చినట్టు ఆరబెట్టుకుని మళ్లీ వాడుకునేది కాదు. దన్నుగా పెట్టిన కలప కుళ్లుతుంది, గోడలు కూలుతాయి, కింద బిగించిన పంపులు తుప్పు పడతాయి. మళ్లీ తెరవాలంటే కొత్త గని తవ్వినంత పని.

గనులతోపాటే నది ఒడ్డు మిల్లు ఊళ్లూ పోయాయి. 1887 మేలో మెక్సికో వైపు వచ్చిన పెద్ద భూకంపం చార్ల్స్‌టన్‌లో మట్టి ఇళ్లను చాలావరకు పడగొట్టింది. మళ్లీ కట్టుకోడానికి ఎవరికీ కారణం కనిపించలేదు. టూంబ్‌స్టోన్ జనాభా 1890 లెక్కల్లో 1,875. 1900 నాటికి 646.

వెండి ధర, మన రూపాయి

కాలిన పంపుకు బదులు ఇంకోటి ఎందుకు పెట్టలేదు? ఇక్కడే ధర లోపలికి వస్తుంది. చాలామంది గనుల పతనాన్ని, ధర పతనాన్ని కలిపేసి ఒకటే చెబుతారు. టూంబ్‌స్టోన్‌లో ఇవి వేర్వేరు. ఊరిని పడగొట్టింది నీళ్లు. పడినదాన్ని లేవనివ్వనిది ధర.

1870ల మొదట్లో ఔన్సు వెండి సుమారు 1.30 డాలర్లు. జర్మనీ బంగారు నాణేల పద్ధతికి మారి తన వెండిని మార్కెట్లోకి వదిలింది. అమెరికా 1873 చట్టంతో వెండి డాలరు ముద్రణ ఆపింది. అటు నెవాడా గనుల నుంచి వెండి వరదలా వస్తోంది. కొనేవాళ్లు తగ్గారు, సరుకు పెరిగింది. టూంబ్‌స్టోన్ పంపు కాలిన 1886లో ధర డాలరు కిందికి దిగింది. గనివాళ్ల ఒత్తిడికి లొంగి అమెరికా ప్రభుత్వం 1878లో ఒకసారి, 1890లో ఇంకోసారి చట్టాలు చేసి తనే వెండి కొంటూ వచ్చింది. అయినా జారుడు ఆగలేదు.

అప్పటికీ ప్రపంచంలో వెండికి మిగిలిన పెద్ద గిరాకీల్లో ఇండియా ఒకటి. ఇక్కడ రూపాయి అంటే ఒక తులం బరువున్న వెండి నాణెం. ఎవరైనా వెండి తెచ్చి కలకత్తా, బొంబాయి టంకశాలల్లో ఇస్తే రూపాయలు ముద్రించి ఇచ్చేవాళ్లు. వెండి ధర పడిపోతే రూపాయి విలువ కూడా దానితోపాటే పడుతుంది. 1870ల మొదట్లో దాదాపు రెండు షిల్లింగులున్న రూపాయి, 1892 నాటికి ఒక షిల్లింగు మూడు పెన్నీల (షిల్లింగుకు 12 పెన్నీలు) దగ్గరికి వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం పెన్షన్లు, రైల్వే వడ్డీలు, లండన్ ఆఫీసు ఖర్చులు పౌండ్లలో కట్టాలి. అవే పౌండ్లకు ఇప్పుడు ఎక్కువ రూపాయలు కావాలి. ఆ ఎక్కువ రూపాయలు ఇక్కడి శిస్తుల నుంచే రావాలి. గోదావరి, కృష్ణా, కడప జిల్లాల రైతు వెండి రూపాయల్లో కట్టిన శిస్తుకూ, అరిజోనా, నెవాడా గనుల్లో తవ్వుతున్న వెండికీ మధ్య ఇంత దగ్గరి ముడి ఉంది. ఆ రైతుకు గానీ, ఆ గని కార్మికుడికి గానీ ఒకరి గురించి ఒకరికి తెలిసే వీల్లేదు. ఇద్దరి బతుకునూ ఒకే ధర కుదిపింది.

ఈ బాధ భరించలేక 1893 జూన్ 26న ఇండియా ప్రభుత్వం టంకశాలల్లో ప్రజల వెండిని తీసుకోవడం ఆపేసింది. ఆ వార్త తాకగానే వెండి ధర కొద్దిరోజుల్లో దబ్బున పడింది. అదే ఏడాది నవంబరులో అమెరికా కూడా తన వెండి కొనుగోళ్ల చట్టాన్ని రద్దు చేసింది. 1894లో సగటు ధర ఔన్సుకు 63 సెంట్లు. అమెరికా పడమటి రాష్ట్రాల్లో వెండి ఊళ్లు వరసపెట్టి మూతపడ్డాయి. 63 సెంట్ల వెండి కోసం టూంబ్‌స్టోన్‌లో కొత్త పంపులు ఎవరు పెడతారు?

రెండో ప్రయత్నం

పెట్టారు! 1901లో. ధర 60 సెంట్ల దగ్గరే ఉన్నా పెట్టారు. మారింది ధర కాదు, యాజమాన్యం. ఇ.బి. గేజ్ అనే అనుభవజ్ఞుడు పాత గనులన్నీ ఒకే కంపెనీ కిందికి తెచ్చాడు, దాని పేరు టూంబ్‌స్టోన్ కన్సాలిడేటెడ్. ఇరవై ఏళ్ల కిందట ఎవరూ పంచుకోని పంపు ఖర్చు ఇప్పుడు ఒకే జేబులోంచి వెళుతుంది, లాభం కూడా అదే జేబులోకి వస్తుంది. అందరి గనులకూ కలిపి ఒక పెద్ద షాఫ్టు దింపారు. రోజుకు పదుల లక్షల గ్యాలన్ల నీళ్లు తోడి, వెయ్యి అడుగుల మట్టం దాకా వెళ్లారు. 1903లో రైలు కూడా వచ్చింది. మొదటి వైభవం ఉన్నన్నాళ్లూ ఊరికి రైలే లేదన్నది గమనించాలి. జనాభా 1910 నాటికి మళ్లీ 1,582 అయింది.

అయినా నిలవలేదు. ఒక చిక్కు విడిపోగానే అసలు చిక్కు బయటపడింది. ఆ లోతులో దొరికిన ఖనిజం ఆశించినంత ధనికమైనది కాదు, తోడాల్సిన నీళ్లు మాత్రం ఊహించినదానికన్నా ఎక్కువ. 1909లో పంపులు ఆగిపోయి గనులు మళ్లీ మునిగాయి. 1911లో కంపెనీ దివాలా తీసింది. కలిసికట్టుగా ఉంటే ఊరు ఎప్పటికీ బతికేదని నేను అననిది ఇందుకే. ఇంకొన్నేళ్లు బతికేది, కార్మికుల కూలి కోసి మరీ పంపు నడపాల్సి వచ్చేది కాదు, అంతవరకే అనగలను.

ఇండియా ఇంకోసారి ఈ కథలోకి వచ్చింది, ఈసారి వెండికి మేలు చేస్తూ. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడ వెండి రూపాయలకు కటకట ఏర్పడితే, 1918లో అమెరికా తన ఖజానాలోని వెండి డాలర్లను కరిగించి బ్రిటన్‌కు అమ్మింది. ఆ ఖాళీని నింపడానికి తర్వాత కొన్నేళ్లు అమెరికా గనుల వెండిని ఔన్సుకు డాలరు చొప్పున కొన్నారు. నీళ్లకు పైన మిగిలిన పాత ఖనిజాన్ని చిన్న చిన్న గుత్తేదారులు తవ్వుకుంటున్న టూంబ్‌స్టోన్‌ను మళ్లీ పెద్ద ఊరిని చేయడానికి అది చాల్లేదు.

1929లో జిల్లా కేంద్రాన్ని రాగి గనులున్న బిస్బీకి మార్చారు. ఆ తర్వాత ఊరిని బతికించింది ఆ అరనిమిషం కాల్పుల కీర్తే, దాన్ని కాదనలేం. ఇప్పుడక్కడ సుమారు 1,300 మంది ఉంటారు, టూరిజమే ఆధారం.

నీళ్ల తగాదా మాత్రం తెగలేదు. 1882 నాటి వాచూకా పైపు నీళ్లే ఊరికి ఇప్పటికీ ఒక ముఖ్య ఆధారం. 2011లో ఆ కొండల్లో పెద్ద కార్చిచ్చు లేచింది, తర్వాత వచ్చిన వానలకు బండరాళ్లు, బురద కొట్టుకొచ్చి ఊటల్ని, పైపుల్ని పూడ్చేశాయి. అది రక్షిత అటవీ ప్రాంతం కావడంతో యంత్రాలు తీసుకెళ్లడానికి అటవీ శాఖ అడ్డుచెప్పింది. ఊరు కోర్టుకెక్కింది, అత్యవసర ఉత్తర్వులు దొరకలేదు. 2012లో జనం పారలూ గునపాలూ పట్టుకుని కొండెక్కి, చేత్తోనే పైపులు బాగుచేసుకోడానికి దిగారు.